అద్దానికి అవతలి చెయ్యి

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క రక్తపు చుక్కనైనా చూడలేదు. ఆసుపత్రి రెండు వీధుల అవతల ఉంది. ఆమె కూర్చునేది ఒక ఎత్తైన భవనంలో, పై అంతస్తులో, అద్దాల గోడ పక్కన. అక్కడికి రక్తం మాటలై వచ్చేది. ఎవరి చేతి నరంలోంచో బయలుదేరి, గాజుగొట్టంలో కాసేపు ఆగి, ఏదో యంత్రం కడుపులో విడిపోయి, చివరికి ఆమె కంప్యూటరు తెర మీద నాలుగు ముక్కలై నిలబడేది. ఆ ముక్కలు చదివి వాటికి సరిపోయే కోడ్ పెట్టడం ఆమె పని. కోడ్ అంటే ఒక అక్షరం, దాని వెనక కొన్ని అంకెలు. బీమా కంపెనీకి మనిషితో పనిలేదు, అంకెలుంటే చాలు.

మత్తుమందుల రక్తపరీక్షలు ఎక్కువగా ఆమెకే వచ్చేవి. మిగతావాళ్ళకు అవి తలనొప్పి. అందులో మొదటి పరీక్ష వలలాంటిది. ఏదో చిక్కిందని చెబుతుంది గానీ చిక్కింది చేపో చెప్పో చెప్పలేదు. ఒక్కోసారి జలుబు మందు కూడా దానికి మత్తుమందులాగే కనిపిస్తుంది. రెండో పరీక్ష నిదానం. ప్రతి మందునూ పేరు పెట్టి పిలుస్తుంది. వలలో ఏదో కదిలిందని రాసిన చోట చేప దొరికిందని కోడ్ పెడితే ఆమె ఊరుకునేది కాదు. అందుకే ఆఫీసులో ఆమెకు చాదస్తం అని పేరు. ఎదురుగానే అలా పిలిచేవాళ్ళు. ఆమె పలికేది కూడా.

"చాదస్తం గారూ, ఈ డాక్టరు గారి రాత చూశారా? కోడి కెలికినట్టుంది," అనేవాడు పక్క కుర్చీలోని బాబాయ్. ఆయన ఎవరికీ బాబాయ్ కాడు. ముప్ఫై దాటకుండానే తల నెరిసింది కాబట్టి ఆ వరుస దక్కింది.

"కోడి ఊరికే కెలకదు. అడుగున గింజ ఉంటుంది. ఇటివ్వండి."

"గింజ మీకు, పెంట నాకు. అంతేగా?"

నవ్వేవాళ్ళు. ఆ పనిలో ఒక సామెత ఉంది, కొత్తగా చేరిన వాళ్ళకు మొదటిరోజే చెబుతారు: డాక్టరు రాయనిది జరగలేదు. ఆమెకు ఆ మాట చాలా ఇష్టం. వాన వెలిశాక వీధి ఉన్నంత శుభ్రంగా ఉంటుంది ఆ మాట. ఇంట్లో మాత్రం ఎవరూ రాయనివి ఎన్నో జరిగాయి.

ఇంట్లో ముగ్గురు. మోకాళ్ళు పట్టేసి కిటికీ దగ్గర కుర్చీకి అంటుకుపోయిన అమ్మ, ఆమె, తమ్ముడు. తమ్ముడి పని కూడా అద్దాలతోనే. పెద్ద భవనాలకు పైకప్పు మీంచి తాడు కట్టుకుని దిగి, బయటి అద్దాలు కడిగేవాడు. నడుముకు బకెట్టు, కుడిచేతిలో రబ్బరు పట్టీ. అతను దిగుతుంటే పైన మురికి ఆకాశం, కింద కడిగిన ఆకాశం. తోటివాళ్ళు పిచ్చుక అని పిలిచేవాళ్ళు. సన్నగా ఉంటాడు, గోడ అంచు మీద ఇట్టే వాలతాడు.

అంతకుముందు ఒక గాలిరోజున ఆ పిచ్చుకను గాలి గోడకేసి కొట్టింది. నడుము దెబ్బతింది. ఆసుపత్రిలో నొప్పి మాత్రలిచ్చారు. నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. చీటీ అయిపోయాక కూడా ఎక్కణ్ణించో వచ్చేవి. బూటులో దొరికేవి, తలగడ కుట్టులో దొరికేవి, ఒకసారి ఫ్యాను రెక్క మీంచి వంటింట్లో రాలాయి. అమ్మ ఏడ్చింది. అతను అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. తర్వాత చాలాకాలం ఏమీ రాలలేదు. ఇంట్లో అందరూ మెల్లగా, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ఫ్యాను వైపు చూడటం మానేశారు.

ఒక ఉదయం పని మధ్యలో తమ్ముడు తాడు మీదే కళ్ళు తిరిగి వేలాడాడు. పైకి లాగి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ పూటకు అక్కడే ఉంచి, రక్తం తీసి, మర్నాడు పంపేశారు. వారం తిరక్కుండా సూపర్‌వైజరు అతని తాడు కార్డు తీసేసుకున్నాడు. ఆ కార్డు లేనివాణ్ణి పైకప్పు మీదకు కూడా రానివ్వరు.

"మా కంపెనీ బీమా వాళ్ళ దగ్గర నా పేరు మీద మత్తుమందు జబ్బని ఉందట అక్కా," అన్నాడు ఆ సాయంత్రం, గుమ్మంలోనే నిలబడి. "జలుబు చేస్తే మందు వేసుకున్నాను. అంతే. నువ్వే అంటుంటావుగా, జలుబు మందు కూడా అలా కనిపిస్తుందని."

"ఇంకేం వేసుకోలేదుగా?"

"వేసుకుంటే తాడెక్కుతానా? చావాలనుందా నాకు?"

"వాణ్ణి అలా నిలబెట్టి అడుగుతావేమే, పోలీసులా," అంది అమ్మ. "తిననీ ముందు."

ఆమె ఇంకేం అడగలేదు. నమ్మింది. నమ్మడానికి ఆమెకు ఒక్క గింజ చాలు, ఆ గింజ తన పనిలోదే కావడం ఇంకా బాగుంది.

సొంతవాళ్ళ ఫైలు ముట్టుకోకూడదన్నది ఆఫీసు నియమం. ఆమె ముట్టుకోలేదు. బాబాయ్ టీ తెచ్చుకుని కూర్చున్నాక మెల్లగా అడిగింది.

"మొన్న తాడు మీద కళ్ళు తిరిగిన కుర్రాడి ఫైలు మీరు చేశారా?"

"చేశాను. ఏం?"

"మా తమ్ముడు."

బాబాయ్ కప్పు కింద పెట్టాడు. ఆయన మొహంలో హాస్యం లేనప్పుడు నెరిసిన జుట్టు మరీ తెల్లగా కనబడుతుంది.

"డాక్టరు ఏమని రాశారు?" అందామె.

"నొప్పి మాత్రలకు అలవాటు పడ్డాడని అనుమానం. మొదటి పరీక్షలో చిక్కింది. రెండోది చేయించలేదు. మంచం నంబరు ఉంటే, ఆసుపత్రిలో చేర్చుకున్నారనుకున్నాను."

చేర్చుకున్న రోగి ఇంటికెళ్ళేటప్పుడు డాక్టరు అనుమానం అని రాసినా సరే, దాన్ని జబ్బుగానే కోడ్ చెయ్యాలి. ఊరికే ఒక పూట కనిపెట్టుకుని ఉండి పంపేస్తే, మంచం ఇచ్చినా సరే, అతను బయటి రోగే. బయటి రోగికి అనుమానం అనుమానంగానే మిగలాలి, దాన్ని జబ్బని రాయకూడదు. మంచం చూసి మోసపోవడం ఈ పనిలో అందరూ ఒకసారైనా చేసే తప్పు.

"చేర్చుకోలేదు బాబాయ్. చూడ్డానికి ఉంచారు, అంతే."

ఆయన ఫైలు తెరిచి చూశాడు. చూసి నెత్తి కొట్టుకున్నాడు. "నా కళ్ళు కాకులెత్తుకెళ్ళ! నిజమే. ఇప్పుడే తీసేస్తాను." వేళ్ళు మీటల మీదకు వెళ్ళి ఆగాయి. "పరీక్ష ఒకటే చేసి వదిలేశారు కదా. డాక్టరుకు క్వెరీ పంపనా?"

క్వెరీ అంటే కోడ్ పెట్టేవాళ్ళు డాక్టరును అడిగే ప్రశ్న. మీరు రాసింది తేలిందా, తేలలేదా అని. అది వెళితే డాక్టరు రెండో పరీక్ష రాస్తారు. చిక్కిన రక్తాన్ని ల్యాబులో కొన్ని నెలలు దాచి ఉంచుతారు. పరీక్ష రాస్తే ఆ గొట్టం బయటికి వస్తుంది. పేర్లు చెబుతుంది.

అద్దం బయట మబ్బు ఒకటి మెల్లగా పక్క భవనంలోకి దూరిపోతోంది.

"క్వెరీ ఎందుకు? కోడ్ సరిచేస్తే సరిపోతుంది కదా," అంది ఆమె.

"సరిపోతుందనుకోండి."

"సరిపోతుంది."

కామా మీద కూడా గంటసేపు వాదించే మనిషి ఆ ఒక్కమాటకు అక్కడే ఆగిపోయింది. బాబాయ్ ఆమె వైపు ఓ క్షణం చూసి, కోడ్ తీసేశాడు. తమ్ముడి కార్డు తమ్ముడికి వచ్చింది. ఆ సాయంత్రం అతను అమ్మను కుర్చీతో సహా ఎత్తి గిర్రున తిప్పాడు. "దింపరా, దింపరా, మోకాళ్ళు!" అని అరుస్తూనే అమ్మ నవ్వింది. ఆ నవ్వు విని పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

ఎండలు ముదిరాయి. వాళ్ళ భవనం అద్దాలకు దుమ్ము పట్టి, ఆఫీసులోని వెలుగు పాత కాగితం రంగులోకి మారింది. ఒక మధ్యాహ్నం పైనించి తాళ్ళు దిగాయి.

"పిచ్చుక గారు వేంచేశారు," అన్నాడు బాబాయ్.

అతనే. నడుముకు బకెట్టు. అద్దం మీద సబ్బునీళ్ళు పరిచి, రబ్బరు పట్టీతో పై మూలనించి ఒక వంపు తిప్పాడు. ఆ వంపులోంచి ఆకాశం బయటపడింది. అక్కను చూసి నవ్వాడు. ఆమె చెయ్యి ఊపి, తెర వైపు తిరిగింది.

మళ్ళీ తల ఎత్తినప్పుడు ఆ చెయ్యి అక్కడే ఉంది. వంపు సగంలో.

మొదట ఏదో మరకను రుద్దుతున్నాడనుకుంది. చెయ్యి కదలడం లేదు. పట్టీ అద్దానికి ఆనుకుని ఉంది, దాని అంచునించి సబ్బునీరు సన్నగా కారుతోంది. మెడ ఒక పక్కకు వాలింది. కళ్ళు మూతలు పడ్డాయి, పూర్తిగా కాదు, కింద తెల్లటి గీత కనబడుతోంది. మొహం ప్రశాంతంగా ఉంది. పసిపిల్లాడిగా ఉన్నప్పుడు పాలు తాగుతూ తాగుతూ నోరు తెరిచి నిద్రపోయేవాడు. సరిగ్గా అదే మొహం. దాని కింద అన్ని అంతస్తుల గాలి.

ఇలాంటి నిద్రను ఆమె ఎన్నో ఫైళ్ళలో చదివింది. పిలిస్తే పలుకుతాడు, వదిలేస్తే జారిపోతాడు, అని రాస్తారు డాక్టర్లు. దానికీ కోడ్ ఉంది.

అద్దాన్ని గుద్దింది. ఆ అద్దం తెరుచుకోదు, శబ్దం దాటనివ్వదు. అరచేత్తో గుద్దింది, తర్వాత టీ కప్పుతో. కప్పు పగిలింది. అతను కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియనట్టు కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత నవ్వాడు, చెయ్యి కదిలింది, వంపు పూర్తయింది.

ఆమె పైకప్పుకు పరిగెత్తింది. అక్కడ తాడు కాపలా ఉన్నది తమ్ముడి జతగాడు. అతనూ తమ్ముడూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు.

"పైకి లాగు వాణ్ణి!"

"ఏమైంది అక్కా?"

"లాగు ముందు!"

లాగాడు. తమ్ముడు అంచు దాటి వచ్చి, తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "రాత్రి నిద్ర లేదు. అందుకే కళ్ళు మూశాను. దానికింత గొడవేంటి అక్కా? అందరి ముందూ పరువు తీస్తావా?"

"నిద్రేలే అక్కా," అన్నాడు జతగాడు, నేల చూస్తూ.

ఇంటికొచ్చాక మళ్ళీ అమ్మ తల మీద ఒట్టు. ఈసారి అతని చెయ్యి అమ్మ జుట్టులో వణకడం ఆమెకు కనిపించింది. అమ్మకు తెలిసి ఉండాలి, ఆ తల అమ్మదే కదా. అమ్మ కళ్ళు మూసుకుంది.

రేపు మళ్ళీ తాడెక్కుతాడు. సూపర్‌వైజరుకు చెబితే కాగితం చూపించమంటాడు. ఆ కాగితాన్ని ఆమే కడిగించింది, తమ్ముడు అద్దాన్ని కడిగినంత శుభ్రంగా.

పొద్దున ఆమె బాబాయ్ కంటే ముందు వచ్చి కూర్చుంది.

"ఆ క్వెరీ పంపండి."

ఆయన సంచీ కూడా దింపలేదు. "ఇప్పుడా? తమ్ముడి పని పోతుంది. ఈసారి పోతే మళ్ళీ రాదు. తెలుసుగా?"

"తెలుసు."

"తాడు మీద చూసింది రాయనా? మీ తమ్ముడని రాయనా?"

"రాయకూడదు. డాక్టరుకు మనం దారి చూపించకూడదు. అడగడం వరకే." ఆమె చెబుతూ పోయింది, ఆయన కొడుతూ పోయాడు. మీరు అనుమానం అని రాశారు. మొదటి పరీక్ష మాత్రమే జరిగింది. మీ అనుమానం నిలిచిందా? పోయిందా? ఇంకా తేలలేదా? మూడింటిలో ఏది సరైనదో తెలుపగలరు. అతి మామూలు ప్రశ్న. రోజూ అలాంటివి పది పంపుతారు. ఆ ప్రశ్నలో ఎక్కడా తమ్ముడు లేడు, పాలు తాగుతూ నిద్రపోయిన పసివాడు లేడు.

ఆ రోజు ఆమె తమ్ముణ్ణి పనికి వెళ్ళనివ్వలేదు. బయటినించి తాళం వేసి, తాళంచెవి తనతో తెచ్చుకుంది. అమ్మ ఫోన్ మీద ఫోన్. "వాడేమన్నా కుక్కా, కట్టేయడానికి?" జవాబు వచ్చేదాకా ప్రతి పొద్దునా అదే తాళం, అవే ఫోన్లు. తమ్ముడు తలుపు లోపల, తాళానికి అవతల, రోజురోజుకీ చెమటపట్టి, ముడుచుకుపోయి, ఆమె తెచ్చిన భోజనం గోడకు విసిరాడు. మాత్ర అందని ఆ ఒళ్ళే చెబుతోంది, దానికి ఇక ఏ యంత్రమూ అక్కర్లేదు. కాగితానికి మాత్రం కావాలి.

ల్యాబు ఫ్రిజ్‌లోంచి గొట్టం బయటికి వచ్చింది. రెండో పరీక్ష రెండు మందుల పేర్లు చెప్పింది. ఒకటి ఆ పాత మాత్రే. రెండోది క్యాన్సరు ముదిరినవాళ్ళకు ఇచ్చేది. జలుబు మందు జాడ ఎక్కడా లేదు. డాక్టరు మూడింటిలో మొదటిదానికి గుర్తు పెట్టారు.

"అటు తిరుగు తల్లీ," అన్నాడు బాబాయ్. ఎన్నడూ ఆమెను ఏకవచనంలో పిలవని మనిషి. ఆమె అద్దం వైపు తిరిగింది. వెనక మీటల చప్పుడు వినబడింది. ఒక అక్షరం, దాని వెనక అంకెలు.

కార్డు పోయింది. తమ్ముడు ఇంటి మధ్యలో నిలబడి అడిగాడు.

"నువ్వేనా?"

నియమం అనొచ్చు. డాక్టరు అనొచ్చు, యంత్రం అనొచ్చు. ఆ మూడింటిలో ఏదీ ఎదురు చెప్పదు.

"నేనే. మొదటిసారి అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు అడిగాను."

"నోటి దగ్గరి కూడు తీసేశావు కదే వాడికి," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "ఆ పనొక్కటే వాడికి తెలిసింది."

"పడిపోయేవాడమ్మా."

"పడలేదుగా!"

 జరగనిదాన్ని ఎవరు చూపించగలరు?

తమ్ముణ్ణి మత్తు మాన్పించే కేంద్రానికి ఒప్పించింది ఆమె కాదు, జతగాడు. ఒకరోజు వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. "బావా, ఆ రోజు నిద్రని అబద్ధమాడాను. నువ్వు పడితే నీ తాడు నా తాడుకు చుట్టుకుంటుంది. నాకు ఇద్దరు పిల్లలు. ఇంక నీ పక్కన నేను దిగను. ఎవరూ దిగరు." అని చెప్పి లేచి వెళ్ళిపోయాడు.  మర్నాడు తమ్ముడు సంచీ సర్దుకున్నాడు.

కేంద్రం ఊరి చివర, ప్రహరీ ఎత్తుగా ఉన్న పొడవాటి భవనం. లోపల ఫినాయిలు వాసన. బల్ల దగ్గర గుమాస్తా కంప్యూటరులో వివరాలు కొట్టుకుంటున్నాడు.

"వెంట వచ్చినావిడ ఏమవుతారు?"

తమ్ముడు ఆమె వైపు చూడలేదు. ఎదుటి గోడకున్న చిన్న కిటికీ వైపు చూశాడు. దాని అద్దం మురికిగా ఉంది.

"తెలిసినావిడ," అన్నాడు.

గుమాస్తా అలాగే కొట్టాడు. తెర అటు తిరిగి ఉన్నా, వెనక అలమారా అద్దంలో ఆమెకు ఆ మాట తిరగబడి కనిపించింది. చదవగలిగింది. పరాయివాళ్ళు పెట్టిన ఒక్క తప్పు అంకెను చూసి ఊరుకోలేని మనిషి, దాన్ని సరిచేయమని అడగలేదు. సంచీ అతని కాళ్ళ దగ్గర పెట్టి బయటికి వచ్చింది.

అతను ఒకసారి గోడ దూకి పారిపోయాడు. బస్సు స్టాండులో వణుకుతూ దొరికితే కేంద్రం వాళ్ళే మళ్ళీ తీసుకొచ్చారు. ఇంట్లో అమ్మ ఆమెతో అవసరమైన మాటలే మాట్లాడుతుంది: నీళ్ళు, మందు, లైటు ఆర్పు. ఆఫీసులో ఇప్పుడు ఎవరూ చాదస్తం అని పిలవడం లేదు. బాబాయ్ వద్దని చెప్పి ఉంటాడు. ఆమెకు ఆ పిలుపు లేకపోవడం ఒక పన్ను ఊడినట్టుంది, నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. డాక్టర్లు రాసే మాట ఒకటుంది, అలవాటు అదుపులో ఉందని. దానికి వేరే కోడ్. ఆ మాట వాళ్ళే రాయాలి, ఇంకెవరూ రాయకూడదు. వేరేవాళ్ళ ఫైళ్ళలో అది కనిపిస్తే ఆమె కాసేపు పని ఆపి చూస్తుంది. తమ్ముడి ఫైలులో అది ఇంకా రాలేదు.

సెలవు రోజున కేంద్రానికి వెళుతుంది. కాపలావాడికి ఆమె ఇప్పుడు గుర్తే. లోపలికి తిరిగి అరుస్తాడు.

"ఓయ్ పిచ్చుకా! నీ తెలిసినావిడ వచ్చింది!"

రాకపోయినా ఎవరూ బలవంతపెట్టరు. అతను వస్తాడు. బెంచీకి ఆ చివర కూర్చుంటాడు. ఆమె ఈ చివర. ఆమె ఏమీ అడగదు. అతని మొహం వైపు కూడా చూడదు. ఆనాడు అద్దం మీద ఆగిపోయిన అతని కుడిచెయ్యి మోకాలి మీద ఎండలో సన్నగా వణుకుతూ ఉంటుంది. గంట కొట్టేదాకా ఆమె దాన్నే చూస్తూ కూర్చుంటుంది. అది కదులుతోంది.